వెయ్యి మీటర్ల రైఫిల్ షూటింగ్‌లో భూభ్రమణం: తరచుగా అడిగే ప్రశ్నలు

దూరపు షూటింగ్ గురించి చదవడం మొదలుపెట్టగానే అందరికీ ఎదురయ్యే మాట ఒకటుంది: "ఉత్తరార్ధగోళంలో బుల్లెట్ కుడికి జరుగుతుంది." మాట నిజమే. కానీ అది యూరప్, ఉత్తర అమెరికా అక్షాంశాల్లో స్థిరపడిన మాట. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఉన్న అక్షాంశాల్లో కుడికి జరిగేది బాగా తక్కువ. తూర్పుకో పడమరకో కాల్చినప్పుడు పైకీ కిందికీ వచ్చే తేడా దానికి మూడింతలు. తెలుగులో ఈ విషయం రాసేవాళ్లు కూడా ఇంగ్లిష్ పుస్తకాల్లోని అంకెలనే దింపేస్తారు కాబట్టి, మన అక్షాంశానికి లెక్కలు మళ్లీ వేసి ఈ జవాబులు రాశాను.

వేరే సంగతి చెప్పకపోతే ప్రతి లెక్కా ఇలా అనుకోండి: దూరం 1000 మీటర్లు, బుల్లెట్ గాల్లో ఉండే సమయం 1.7 సెకన్లు (6.5 క్రీడ్‌మూర్ లాంటి దూరపు షూటింగ్ తూటాకి దాదాపు ఇంతే), ఊరు హైదరాబాద్, అంటే 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం.

భూమి తిరుగుతోంది కదా, బుల్లెట్ గాల్లో ఉన్నంతసేపట్లో టార్గెట్ ముందుకు వెళ్లిపోదా?

వెళ్తుంది. హైదరాబాద్ నేల సెకనుకు దాదాపు 444 మీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. 1.7 సెకన్లలో టార్గెట్ ముప్పావు కిలోమీటరు జరుగుతుంది. కానీ రైఫిల్, షూటర్, బుల్లెట్, చుట్టూ ఉన్న గాలి అన్నీ అదే వేగంతో అటే పోతున్నాయి. ట్రిగ్గర్ నొక్కకముందే బుల్లెట్‌కి ఆ 444 మీటర్లు ఉన్నాయి, గొట్టం దాటాక కూడా ఉంటాయి. అందుకే టార్గెట్ తప్పించుకుపోదు.

ఇది చాలా పాత ప్రశ్న. క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు భూమి తిరుగుతోందని, కదిలే పడవలో కూర్చున్నవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపించేలా మనకు నక్షత్రాలు పడమరకు పోతున్నట్టు కనిపిస్తాయని చెప్పాడు. తర్వాత వచ్చిన లల్లుడు ఒప్పుకోలేదు. భూమే తిరుగుతుంటే పక్షులు గూళ్లకు ఎలా చేరతాయి, పైకి వేసిన బాణాలు పడమర పడాలి కదా అని అడిగాడు. నాకు ఈ అభ్యంతరం మీద గౌరవం ఎక్కువ, ఎందుకంటే దిశ విషయంలో లల్లుడు సరిగ్గానే ఊహించాడు. హైదరాబాద్‌లో నిట్టనిలువుగా 100 మీటర్ల ఎత్తుకు వేసిన బాణం, గాలి ప్రభావం తీసేసి లెక్కిస్తే, నిజంగానే పడమర పడుతుంది. కాకపోతే 8 సెంటీమీటర్లే. కంటికి తెలిసే తేడా కాదు కాబట్టి వాదం అన్ని శతాబ్దాలు నడిచింది.

వేగం అందరికీ ఒకటే అయితే మరి తేడా ఎక్కణ్ణుంచి వస్తోంది?

అందరికీ సరిగ్గా ఒకటి కాదు, అందులోనే ఉంది అసలు విషయం. భూమధ్యరేఖ దగ్గర నేల సెకనుకు 465 మీటర్లు పోతుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తిరిగే వలయం చిన్నదవుతుంది, వేగమూ తగ్గుతుంది.

ఉత్తరానికి కాల్చారనుకుందాం. మీకు ఒక కిలోమీటరు ఉత్తరాన ఉన్న టార్గెట్ మీకంటే సెకనుకు 2.2 సెంటీమీటర్లు తక్కువ వేగంతో తూర్పుకు పోతోంది. బుల్లెట్ మాత్రం మీ దగ్గరి వేగంతోనే బయలుదేరింది. 1.7 సెకన్లలో ఆ 2.2 సెంటీమీటర్ల మిగులు 3.7 సెంటీమీటర్లు అవుతుంది. బుల్లెట్ అంత తూర్పుకు, అంటే మీ కుడికి పడుతుంది. దక్షిణానికి కాలిస్తే టార్గెట్ మీకంటే వేగంగా పోతోంది కాబట్టి బుల్లెట్ వెనకబడి పడమర పడుతుంది. దక్షిణానికి తిరిగి ఉన్నవాడికి పడమర అంటే మళ్లీ కుడే.

తూర్పుకు కాలిస్తే కథ కొంచెం మారుతుంది. బుల్లెట్ తూర్పు వేగం నేల వేగం కంటే ఎక్కువ. భూమి అక్షం చుట్టూ అంత వేగంగా తిరిగే వస్తువు అక్షానికి దూరంగా జరగాలని చూస్తుంది. మన అక్షాంశంలో "అక్షానికి దూరంగా" అంటే చాలావరకు పైకి, కొద్దిగా దక్షిణానికి. తూర్పు వైపు తిరిగి ఉన్నవాడికి దక్షిణం కుడిచేయి. పడమరకు కాలిస్తే అంతా తిరగబడుతుంది: బుల్లెట్ నేల కంటే నెమ్మది, అక్షం వైపు కుంగుతుంది, అంటే చాలావరకు కిందికి, కొద్దిగా ఉత్తరానికి. ఇక్కడా ఉత్తరం కుడివైపే.

అందుకే ఉత్తరార్ధగోళంలో ఏ దిక్కుకు కాల్చినా పక్కకు జరిగేది కుడికే, జరిగే మొత్తం కూడా ఒకటే. దిక్కును బట్టి మారేది పైకీ కిందికీ జరిగే భాగం మాత్రమే. పక్కకు జరిగేదాన్ని కోరియాలిస్ ప్రభావం అని, నిలువుగా జరిగేదాన్ని ఓట్వోష్ ప్రభావం అని పిలుస్తారు. నిజానికి రెండూ ఒకే కారణానికి రెండు ముఖాలు.

శ్రీహరికోట నుంచి రాకెట్లను తూర్పు సముద్రం వైపు పంపడం వెనకా ఇదే సూత్రం ఉంది. అక్కడ నేల ఇచ్చే వేగం సెకనుకు 450 మీటర్ల పైచిలుకు. తూర్పుకు పోయే వేగం పెరిగేకొద్దీ కిందికి లాగే బరువు తగ్గుతూ వస్తుంది. బుల్లెట్ విషయంలో ఆ తగ్గుదల దాదాపు ఒక శాతం.

దీన్ని నోటి లెక్కతో వేయొచ్చా?

వేయొచ్చు. 7.3 అనే అంకె గుర్తుపెట్టుకోండి. దాన్ని కిలోమీటర్లలో దూరంతోనూ, సెకన్లలో ప్రయాణ సమయంతోనూ గుణిస్తే సెంటీమీటర్లలో ఒక మూల విలువ వస్తుంది. మన ఉదాహరణలో 7.3 × 1 × 1.7, అంటే 12.4 సెం.మీ.

ఆ మూల విలువను అక్షాంశపు సైన్‌తో గుణిస్తే కుడికి జరిగేది. హైదరాబాద్‌కి సైన్ 0.30, కాబట్టి 3.7 సెం.మీ. అదే మూల విలువను అక్షాంశపు కొసైన్‌తో, కాల్చే దిక్కు సైన్‌తో గుణిస్తే నిలువుగా జరిగేది. దిక్కును ఉత్తరం నుంచి కుడివైపుగా డిగ్రీల్లో కొలవాలి: తూర్పు 90, పడమర 270. హైదరాబాద్‌కి కొసైన్ 0.95. నేరుగా తూర్పుకైతే 11.8 సెం.మీ. పైకి, నేరుగా పడమరకైతే అంతే కిందికి. ఈశాన్యానికైతే 8 సెం.మీ. పైకి. ఉత్తర దక్షిణాలకు సున్నా.

గాలి నిరోధాన్ని కచ్చితంగా లెక్కలోకి తీసుకుంటే అసలు విలువలు ఇంతకంటే కొంచెం తగ్గుతాయి. రేంజ్‌లో అవసరమైనంత మేరకు ఈ నోటి లెక్క చాలు.

మన దగ్గర నిలువు తేడా ఎందుకంత పెద్దది?

మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి. ధ్రువం దగ్గర మొత్తం ప్రభావం పక్కకే ఉంటుంది, నిలువు భాగం ఉండదు. భూమధ్యరేఖ మీద పక్కకు ఏమీ ఉండదు, మొత్తం నిలువుగానే. 45 డిగ్రీల దగ్గర రెండూ సమానం. తిరుపతి నుంచి ఆదిలాబాద్ దాకా తెలుగు నేల మొత్తం సుమారు 13 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటుంది. తిరుపతిలో కుడికి జరిగేది 3 సెం.మీ. కూడా ఉండదు, ఆదిలాబాద్‌లో 4 సెం.మీ. దాటుతుంది. నిలువు తేడా మాత్రం రెండుచోట్లా 12 సెం.మీ. దరిదాపుల్లోనే.

స్కోప్ భాషలో చెబితే, 0.1 మిల్ క్లిక్ (స్కోప్ మీది మీటను ఒక మెట్టు తిప్పితే గురి మారే కోణం) అంటే 1000 మీటర్ల దగ్గర 10 సెం.మీ. కుడివైపు తేడా అరక్లిక్ కూడా కాదు. తూర్పుకూ పడమరకూ మధ్య తేడా అయితే 24 సెం.మీ., అంటే రెండు క్లిక్కులు దాటింది. "మనది ఉత్తరార్ధగోళం, ఎడమకు ఒక క్లిక్" అని పెట్టేసి, నిలువు సంగతి మరిచిపోయేవాళ్లు తమకు అవసరంలేని సవరణ చేసి, కావాల్సినదాన్ని వదిలేస్తున్నారు.

నేను అమెరికాలో ఉంటాను, ఆస్ట్రేలియాలో ఉంటాను, నాకు ఎంత?

అదే దూరం, అదే సమయం అనుకుంటే: డల్లాస్‌లో కుడికి 6.7 సెం.మీ., తూర్పు పడమరలకు నిలువుగా 10.4. న్యూజెర్సీలో సుమారు 8, 9.4. లండన్‌లో 9.7, 7.7. మెల్‌బోర్న్‌లో 7.6, 9.8, కానీ అక్కడ పక్కకు జరిగేది ఎడమకు. ఢిల్లీలో 5.9, 10.9. దక్షిణార్ధగోళంలోనూ తూర్పుకు కాలిస్తే పైకి, పడమరకు కాలిస్తే కిందికే. ఆ భాగం గోళాన్ని బట్టి మారదు.

10 మీటర్లు, 50 మీటర్లు కాల్చేవాళ్లకు ఇది అవసరమా?

అవసరం లేదు. మన దేశంలో రైఫిల్ పట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఈ దూరాల్లోనే ఉన్నారు కాబట్టి వివరంగా చెబుతాను.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ 10 మీటర్లు దాటడానికి సెకనులో పదహారో వంతు పడుతుంది. లండన్ అక్షాంశంలో ఆ సమయంలో పక్కకు జరిగేది ఒక మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు. టార్గెట్ మధ్యలోని పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. పైగా ఆ తేడా ప్రతి షాట్‌కీ ఒకేలా ఉంటుంది కాబట్టి సైట్ సరిచేసుకున్నప్పుడే అందులో కలిసిపోతుంది. 50 మీటర్ల .22 రైఫిల్‌కి హైదరాబాద్‌లో పక్కకు మిల్లీమీటరులో ఆరో వంతు, నిలువుగా మహా అయితే అర మిల్లీమీటరు పైన. అక్కడి పది వలయం 10.4 మిల్లీమీటర్లు.

ఇంకో సంగతి. షూటర్ కళ్లలో ఎండ పడకుండా బయటి రేంజ్‌లను సూర్యుడు వెనకవైపు ఉండేలా కట్టాలని అంతర్జాతీయ నియమాలు చెబుతాయి. ఉత్తరార్ధగోళంలో అంటే కాల్చే దిక్కు దాదాపు ఉత్తరం. ఉత్తరానికి కాలిస్తే నిలువు తేడా సున్నా. ఎండ కోసం పెట్టిన నియమం భూభ్రమణం సమస్యను కూడా చాలావరకు తీసేసింది.

100 మీటర్ల దగ్గర జీరో చేసుకునేటప్పుడు (గురిపెట్టిన చోటే బుల్లెట్ పడేలా స్కోప్‌ను సరిచేసేటప్పుడు) కూడా దీని గురించి ఆలోచించకండి. కుడికి జరిగేది మిల్లీమీటరులో మూడో వంతు కూడా కాదు. 500 మీటర్ల దగ్గర కుడికి 8 మిల్లీమీటర్లు, నిలువుగా 2.4 సెం.మీ. అసలు ఆలోచన 700, 800 మీటర్ల తర్వాతే.

గాలితో పోలిస్తే ఇది ఎంత?

చాలా చిన్నది. సెకనుకు ఒక మీటరు అడ్డగాలి, అంటే చర్మానికి తెలిసీ తెలియనట్టు తగిలే గాలి, 1000 మీటర్ల దగ్గర 6.5 బుల్లెట్‌ను 40 సెం.మీ. వరకు పక్కకు నెడుతుంది. హైదరాబాద్‌లో కోరియాలిస్ ఇచ్చే 3.7 సెం.మీ.కి సరిపడే గాలి సెకనుకు 9 సెం.మీ. మాత్రమే. ఆ గాలికి అగరుబత్తి పొగ కూడా దాదాపు నిలువుగానే లేస్తుంది. మిరాజ్ (వేడికి గాలిలో కదిలే ఎండమావి) చూసి, గడ్డి చూసి, జెండా చూసి గాలిని అంత సన్నగా అంచనా వేయగలిగేవాళ్లు లేరు.

కాబట్టి గాలి చదవడం నేర్చుకోకముందే కోరియాలిస్ లెక్కల మీద కూర్చోవడం సమయం వృథా అని నా గట్టి అభిప్రాయం. అయినా నిలువు భాగాన్ని మాత్రం ఆ మాటతో కొట్టిపారేయను. అడ్డగాలి ప్రధానంగా పక్కకే నెడుతుంది, దాని తప్పు అడ్డంగా కనబడుతుంది. నిలువు వైపు మంచి షూటర్లు తూటాలోని మందును తూచి, మజిల్ వెలాసిటీని (గొట్టం దాటేటప్పుడు బుల్లెట్ వేగాన్ని) కొలిచి, తేడాను కొన్ని సెంటీమీటర్లకు కుదిస్తారు. అంత శుభ్రంగా ఉన్నచోట 12 సెం.మీ. చిన్నది కాదు.

స్పిన్ డ్రిఫ్ట్ కూడా ఇదేనా?

కాదు. స్పిన్ డ్రిఫ్ట్ బుల్లెట్ తన చుట్టూ తాను తిరగడం వల్ల వస్తుంది, భూమితో సంబంధం లేదు. గొట్టం లోపల బుల్లెట్‌ను తిప్పే గాడులు కుడికి మెలితిరిగి ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా కుడికే జరుగుతుంది. 1000 మీటర్ల దగ్గర సాధారణంగా 15 నుంచి 25 సెం.మీ. వరకు ఉంటుంది, అంటే మన కోరియాలిస్‌కి ఐదారింతలు. ఉత్తరార్ధగోళంలో రెండూ ఒకే వైపు కలుస్తాయి కాబట్టి, స్పిన్ డ్రిఫ్ట్‌ను చూసి "ఇదంతా భూమి తిరగడమే" అనుకునేవాళ్లు చాలామంది. దక్షిణార్ధగోళంలో రెండూ ఎదురెదురు.

బాలిస్టిక్ యాప్‌లో ఏం నింపాలి?

బాలిస్టిక్ యాప్ అంటే బుల్లెట్ ఎక్కడ పడుతుందో లెక్కగట్టే ఫోన్ యాప్. భూభ్రమణం కోసం అందులో నింపాల్సింది అక్షాంశం, కాల్చే దిక్కు. అంతే. అక్షాంశంలో ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా మిల్లీమీటర్ల తేడానే, ఊరి అక్షాంశం వేస్తే చాలు. దిక్కు కూడా ఫోన్ దిక్సూచి చూపినంత చాలు, తూర్పు పడమరలకు కాల్చేటప్పుడు పది డిగ్రీలు తప్పినా నిలువు తేడా రెండు శాతమే మారుతుంది. అక్షాంశం ఒకసారి పెడితే ఉండిపోతుంది, దిక్కు అలా కాదు. రేంజ్ మారినప్పుడు పాత దిక్కు అలాగే ఉండిపోయిందేమో చూసుకోండి. తూర్పు ఉండాల్సిన చోట పడమర ఉంటే సవరణ చేయకపోవడం కంటే రెట్టింపు తప్పు వస్తుంది.

రేంజ్‌లో అన్నీ సరిపోయాయి, వేరే రేంజ్‌కి వెళ్తే ఎత్తు తప్పుతోంది. ఎందుకు?

చాలా కారణాలుంటాయి: ఎండకు మందు వేడెక్కడం, గాలి సాంద్రత మారడం, దూరం కొలవడంలో తప్పు. వాటిని చూశాక కూడా సమస్య తీరకపోతే, మజిల్ వెలాసిటీని ఎక్కడ సరిచేశారో గుర్తుచేసుకోండి.

మనలో చాలామంది దూరపు టార్గెట్ మీద బుల్లెట్ పడిన ఎత్తును బట్టి యాప్‌లో మజిల్ వెలాసిటీని సర్దుతాం. దీన్ని ట్రూయింగ్ అంటారు. మంచి పద్ధతే. కానీ ఆ రేంజ్ తూర్పు ముఖంగా ఉండి, యాప్‌లో దిక్కు నింపలేదనుకోండి. బుల్లెట్ 12 సెం.మీ. పైన పడుతుంది. యాప్‌కి భూమి సంగతి తెలియదు కాబట్టి బుల్లెట్ అనుకున్నదానికంటే వేగంగా వెళ్తోందని తేల్చేస్తుంది. ఈ దూరంలో సెకనుకు 10 మీటర్ల వేగం తేడా దాదాపు పావు మీటరు ఎత్తు. అంటే 12 సెం.మీ.కి బదులుగా మజిల్ వెలాసిటీలో సెకనుకు నాలుగైదు మీటర్లు లేనివి వచ్చి చేరతాయి.

ఆ రేంజ్‌లో ఉన్నంతకాలం అన్నీ బాగానే ఉంటాయి. పడమర ముఖంగా ఉన్న రేంజ్‌కి వెళ్లిన రోజు దొంగ వేగం ఒక 12 సెం.మీ., అసలు కుంగుదల ఇంకో 12 సెం.మీ. కలిసి బుల్లెట్ 24 సెం.మీ. కింద పడుతుంది. అప్పుడు షూటర్ మందును, స్కోప్‌ను, చివరికి తన ఊపిరిని అనుమానిస్తాడు. తప్పు మాత్రం ఎన్నడో సర్దిన అంకెలో ఉంటుంది. మన అక్షాంశంలో భూభ్రమణం గురించి ఒక్క విషయమే చెప్పమంటే నేను ఇదే చెబుతాను: ట్రూయింగ్ చేసేముందు దిక్కు నింపండి, లేదా ఉత్తర దక్షిణాలకు కాల్చే రేంజ్‌లో ట్రూయింగ్ చేయండి. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే దాని అంకెతో పోల్చుకోండి. ట్రూయింగ్‌లో వచ్చిన వేగం ప్రతిసారీ ఒకే వైపు తేడా చూపుతుంటే కారణం బయట ఉందని అర్థం.

ఉత్తరార్ధగోళం నుంచి దక్షిణానికి వెళ్లి పోటీ చేసేవాళ్లు ఏం చేస్తారు?

ఎఫ్-క్లాస్ (రైఫిల్‌కు ఆసరా పెట్టి, స్కోప్‌తో దూరపు టార్గెట్లు కాల్చే పోటీ) ప్రపంచ పోటీలు 2017లో కెనడాలోని ఒట్టావాలో జరిగాయి, 2023లో దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్‌లో. 1000 గజాల దగ్గర 1.4 సెకన్ల ప్రయాణం అనుకుంటే ఒట్టావాలో కుడికి 6.6 సెం.మీ., బ్లూమ్‌ఫాంటీన్‌లో ఎడమకు 4.5 సెం.మీ. రెండింటి మధ్య 11 సెం.మీ. ఆ టార్గెట్ మధ్య వలయం అడ్డుకొలతే 5 అంగుళాలు, అంటే 12.7 సెం.మీ.

భయపడాల్సినంతగా కనిపిస్తుంది, కానీ అక్కడ ప్రతి షాట్ తర్వాత బుల్లెట్ పడిన చోటును చూపిస్తారు, లెక్కలోకి రాని సైటర్ షాట్లు కూడా ఉంటాయి. మొదటి సైటర్‌తోనే భూమి ఇచ్చిన తేడా, స్పిన్ డ్రిఫ్ట్, సైట్ తప్పు అన్నీ కలిసి కనబడతాయి, ఒకేసారి సరిచేసుకుంటారు. కోరియాలిస్‌ను ముందే లెక్కించాల్సింది మొదటి షాట్‌కే మార్కులు ఉండే పోటీల్లో, తెలియని దూరాలకు వేర్వేరు దిక్కుల్లో కాల్చేచోట.

రెండు మైళ్ల పోటీల్లో ఎంత ఉంటుంది?

దూరం పెరిగితే సమయమూ పెరుగుతుంది, రెండూ గుణకారంలో ఉన్నాయి కాబట్టి ప్రభావం వేగంగా పెరుగుతుంది. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని రాటన్‌లో "కింగ్ ఆఫ్ టూ మైల్స్" పోటీ జరిగేది. రెండు మైళ్లంటే 3219 మీటర్లు. పెద్ద కాలిబర్ బుల్లెట్‌కి కూడా ఆరేడు సెకన్లు పడుతుంది. అక్కడి అక్షాంశంలో కుడికి దాదాపు ఒక మీటరు, నేరుగా తూర్పుకైతే పైకి ఒక మీటరు దాటి. ఆ దూరంలో లెక్కించకుండా మొదటి షాట్ తగలడం అదృష్టమే.

ఫాక్‌లాండ్స్ యుద్ధనౌకల కథ నిజమేనా?

1914 డిసెంబర్ 8న ఫాక్‌లాండ్ దీవుల దగ్గర జరిగిన పోరులో బ్రిటిష్ ఓడల గుండ్లు ఎడమకు పడ్డాయని, వాటి సైట్లను ఉత్తరార్ధగోళానికి సరిచేసి ఉంచడమే కారణమని ఒక కథ చాలా పుస్తకాల్లో తిరుగుతుంది. నేను దీన్ని నమ్మను. 15 కిలోమీటర్లకు అరనిమిషం ప్రయాణం అనుకుంటే ఆ అక్షాంశంలో పక్కకు జరిగేది 26 మీటర్లు, తారుమారైతే రెట్టింపు. రెండు వైపులా ఓడలు వేగంగా కదులుతూ, పొగ కమ్ముకుని, అలలు ఊపుతున్నప్పుడు గుండ్లు చెదిరే విస్తీర్ణంలో ఆ మాత్రం తేడా విడిగా కనబడదు. పైగా నీళ్లలో లేచే చిమ్మును చూసి ఎప్పటికప్పుడు గురి సరిచేసేవారు. కథ బాగుంది కాబట్టి బతికింది.

నిజంగా లెక్కించక తప్పని తుపాకీ కావాలంటే 1918 మార్చిలో జర్మన్లు పారిస్ మీద ప్రయోగించినది ఉంది. సుమారు 120 కిలోమీటర్ల దూరం, మూడు నిమిషాలకు కాస్త తక్కువ ప్రయాణం. అక్కడ భూమి తిరగడం మందు, గాలి లాంటి మామూలు లెక్కల్లో ఒకటిగా చేరింది.

ఈ పేర్లు ఎవరివి?

కోరియాలిస్ ఫ్రెంచ్ ఇంజనీరు. తిరిగే యంత్రాల్లో శక్తి లెక్కల గురించి 1835లో రాశాడు, తుపాకుల గురించి కాదు. ఓట్వోష్ హంగేరీ శాస్త్రవేత్త. ఓడల మీద కొలిచిన గురుత్వాకర్షణ విలువల్లో, ఓడ తూర్పుకు పోతుంటే తక్కువగా, పడమరకు పోతుంటే ఎక్కువగా రావడం గమనించాడు. 1908లో నల్ల సముద్రంలో ఒక ఓడను తూర్పుకు, ఇంకోదాన్ని పడమరకు నడిపి సరిచూశారు. ఓడ వేగానికే కనబడిన తేడా, సెకనుకు 800 మీటర్ల బుల్లెట్‌కి ఎంత ఉంటుందో ఊహించవచ్చు.

భూమి వంపును కూడా కలపాలా?

అక్కర్లేదు. కిలోమీటరు దూరంలో భూమి 8 సెం.మీ. వంగుతుంది కాబట్టి అంత కలపాలని కొందరు అంటారు. మీరు స్కోప్‌లోంచి టార్గెట్‌ను నేరుగా చూస్తున్నారు, బుల్లెట్ కుంగుదల ఆ చూపు గీత నుంచే లెక్కవుతుంది. మధ్యలో నేల ఎలా వంగిందన్నది దానికి సంబంధం లేదు.